అరచేయంత మురికి

బాబాయ్ పోయిన సంగతి నాకు షాంపూ ప్యాకెట్లు కొంటుంటే తెలిసింది. తెనాలిలో మా వీధి చివర కిరాణా కొట్టతను, దండలా వేలాడుతున్న ప్యాకెట్లలోంచి నాలుగు తుంచి ఇస్తూ, "ఇదివరకు ఇవి దండలకి దండలే పోయేవి టీచర్ గారూ. ఇప్పుడు మీలాగా నాలుగో ఐదో తుంచుకెళ్ళేవాళ్ళే. కార్లు కడిగే బాబాయ్ పోయాడుగా!" అన్నాడు.

"ఎప్పుడు?"

"నెల దాటిందండి. మీకు తెలీదా ఏంటి? మీ కారు కూడా ఆయనే కడిగేవాడు కదా."

ముందు నాకు దుఃఖం రాలేదు. రాయడానికి కూర్చున్నాను కాబట్టి ఉన్నదున్నట్టు రాయాలి. ముందు నాకు హాయిగా ఊపిరాడింది. నేను చేసిన పని తెలిసిన మనిషి ఆయనొక్కడే, ఆయన కూడా ఇక లేడు. ఆ ఊపిరి పూర్తిగా వదలకముందే నా మీద నాకు రోత పుట్టింది. చిల్లర తీసుకోకుండా వచ్చేస్తుంటే కొట్టతను వెనకనుంచి పిలుస్తూనే ఉన్నాడు.

ఆయన పేరు నేనెప్పుడూ అడగలేదు. అందరికీ బాబాయే. రేపల్లె వెళ్ళే రోడ్డు పక్కన మెకానిక్ షెడ్లు వరసగా ఉంటాయి. వాటిలో చివరిది ఆయనది. షెడ్డంటే నాలుగు సరుగుడు గుంజలు, పైన రేకు. వెనకే రెండు గదుల ఇల్లు. బక్కపల్చటి మనిషి, పొట్టి తెల్లగడ్డం, మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన లుంగీ, భుజాన ఎప్పుడూ ఒక తడిగుడ్డ. అస్తమానం నీళ్ళలో నాని వేళ్ళ చివర్లు ముడతలు పడి ఉండేవి. టీ గ్లాసు చేతికిస్తే ముందు దాని అడుగు తుడిచేవాడు, ఆ తర్వాతే తాగేవాడు. ఎవరింటికైనా వెళితే కూర్చోమన్న కుర్చీని కూడా ఒకసారి తుడిచి కూర్చునేవాడు. మొదటిసారి మా ఇంట్లో అలా చేసినప్పుడు, మా ఇల్లు అంత మురికిగా ఉందా అని నాకు ఒళ్ళు మండింది. తర్వాత తెలిసింది, తన లుంగీ తడి మా కుర్చీకి అంటుతుందని ఆయన భయమట.

పట్టించుకోకుండా వదిలేసిన కార్లంటే ఆయనకి ప్రాణం. కొత్త కారు తీసుకెళితే, "దీన్ని నేనేం చేస్తానమ్మా, వాన కడుగుతుంది పొండి" అనేవాడు. చెట్టు కింద ఏడాదిగా పడి ఉండి, పిట్టల రెట్టలు ఎండిపోయి, తెల్లకారో బూడిదరంగు కారో తెలియకుండా అయిపోయిన బండి వస్తే మాత్రం కళ్ళు మెరిసేవి. చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ ఒకసారి నడిచొచ్చేవాడు.

"నేను బద్ధకస్తుణ్ణమ్మా. పని నేను చెయ్యను, నీళ్ళు చేస్తాయి" అనేవాడు. నిజమే. పక్క ఊళ్ళో మిషన్లు పెట్టుకున్నవాళ్ళు గొట్టాలతో నీళ్ళు చిమ్మి నానా హడావిడీ చేసేవారు. ఈయన పాత లుంగీలు రెండు తడిపి బానెట్ మీదా టాపు మీదా పరిచి, వెళ్ళి టీ తాగేవాడు. టీ అయ్యి, పక్క షెడ్డు మెకానిక్‌తో నాలుగు కబుర్లయ్యాక వచ్చి లుంగీ ఎత్తితే, ఏడాది రెట్టలు దానికి అంటుకుని వచ్చేసేవి. గీకడం లేదు, గోకడం లేదు. రెండు బకెట్లు. ఒకదానిలో రూపాయి షాంపూ ప్యాకెట్టు, రెండోదానిలో ఉత్త నీళ్ళు. గుడ్డ ఉత్త నీళ్ళలో జాడించాకే షాంపూ నీళ్ళలో ముంచాలి. గిన్నెలు తోమే సబ్బు వాడామని ఎవరైనా చెబితే చెవులు మూసుకునేవాడు. పసుపెక్కిన హెడ్‌లైట్లకి టూత్‌పేస్టు. అద్దాలకి నిన్నటి పేపరు. చివర్న వ్యాక్స్. బఠాణీ గింజంత తీసి బానెట్ సగానికి పాకించేవాడు. "అన్నంలో నెయ్యి కాదమ్మా, ఎక్కువ వేస్తే రుచి రాదు" అని నవ్వేవాడు. అది ఆరి మసకబారాక పాత బనీను గుడ్డతో తుడిస్తే మన మొహం కనిపించేది. ఇంతా చేస్తే ఒక పూట పని.

అయితే ఈ చుట్టుపక్కల ఊళ్ళకి ఆయన తెలిసింది ఆ మెరుపు వల్ల కాదు. అమ్మకానికి పెట్టే కారైతే ఆయనకో పద్ధతి ఉంది. కడిగేముందు యజమానిని నిలబెట్టి, "దీనికి ఏం జబ్బో చెప్పండి" అని అడిగేవాడు. చెబితే సరే, చెప్పకపోయినా తనే కనిపెట్టేవాడు. జబ్బు ఎక్కడుందో అక్కడ, తలుపు మీదో డిక్కీ మూల మీదో, ఎడమ అరచెయ్యి ఆనించి దాని చుట్టూ కడిగేవాడు. అక్కడ మాత్రం అరచేయంత మురికి అలాగే ఉండిపోయేది. కొనేవాడు దాన్ని చూసి "ఇక్కడేంటి సంగతి?" అని అడగాలి, అమ్మేవాడు చెప్పాలి. అంతే. రేపల్లె నుంచైనా బాపట్ల నుంచైనా బ్రోకర్లు వచ్చి కారు చుట్టూ తిరిగి, "బాబాయ్ చెయ్యి ఎక్కడ పెట్టాడు?" అని వెతికేవారు. ఎక్కడా లేకపోతే ఇక మెకానిక్‌కి చూపించే పనే లేదు.

ఒకసారి నా కళ్ళముందే జంపని ఊరి రైతొకాయన గొడవకి దిగాడు. ఆయన కారు తలుపు ఒకటి గుద్దుకుని మళ్ళీ రంగు వేయించింది. బాబాయ్ అక్కడ చెయ్యి వదిలాడు, ఆ మురికిని అందరూ అలాగే అనేవారు.

"అంతా తుడిచి ఇది వదిలేస్తావేంటయ్యా? పని చేయించుకునేది నేనా, కొనేవాడా?" అన్నాడు రైతు.

"మీరేనండి. స్నానం చేయించమంటే చేయిస్తాను. ముస్తాబు చేసి పెళ్ళిచూపులకి కూర్చోబెట్టమంటే మాత్రం నావల్ల కాదండి" అన్నాడు బాబాయ్.

రైతు వ్యాక్స్ పూయకముందే కారు తీసుకుని విసవిసా వెళ్ళిపోయి, రెండు రోజుల తర్వాత తిరిగొచ్చాడు. బాబాయ్ పూర్తిచెయ్యని కారుని ఏ బ్రోకరూ చూడనన్నాడట.

ఆ మురికిని యజమానులు తర్వాత తుడిచేసుకోరా అని మీకు అనుమానం రావచ్చు. అంతకుముందు ఎవరూ తుడవలేదట. చదువు లేనివాళ్ళకి ఆ ఆలోచన రాలేదు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి పాఠాలు చెబుతున్నదాన్ని, నాకు వచ్చింది.

మా కారు సంగతి చెప్పాలి. మా ఆయనకి కంటి ఆపరేషన్ అయ్యాక ఇక నడపొద్దన్నారు డాక్టర్లు. నాకు నడపడం రాదు. రేపల్లెలో మా చెల్లెలి ఇంటి ఆవరణలో, మునగచెట్టు కింద పెట్టాం. ఆ ఏడాది వానలకి డ్రెయిన్ పొంగి వాళ్ళ కాలనీలోకి నీళ్ళొచ్చాయి. రెండు రోజులు కారు సీట్ల దాకా మునిగి ఉంది. నీళ్ళు తీశాక మేం దాని మొహం చూడలేదు. మునగపువ్వు రాలింది, గొంగళిపురుగులు పాకాయి, పిట్టలు తమ పని తాము చేశాయి. ఎనిమిది నెలల తర్వాత అమ్మేద్దామని, అక్కడే బ్యాటరీ మార్పించి మా ఊరికి తెప్పించి బాబాయ్‌ని పిలిచాను.

"దీనికి ఏం జబ్బమ్మా?" అన్నాడు.

"ఏం లేదు బాబాయ్. నడపక అలా అయింది."

ఆయన తలుపు తీశాడు. మ్యాట్ ఎత్తి వాసన చూశాడు. సీటు కింద ఇనప పట్టీలో వేలు పెట్టి తీస్తే వేలికి మెత్తటి ఒండ్రు అంటింది. ఆ వేలు నాకు చూపించలేదు. పక్కకి తిరిగి గుడ్డకి తుడుచుకుని, "నీళ్ళు తాగిందమ్మా" అన్నాడు, అంతే. డ్రైవరు వైపు తలుపు అడుగున చెయ్యి వదిలాడు.

"అడిగినవాళ్ళకి చెప్పండి. కాస్త తగ్గించి అడుగుతారు, అడగనివ్వండి. రాత్రి నిద్ర పడుతుంది" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున బాపట్ల నుంచి ఒకాయన చూడ్డానికి వస్తానన్నాడు. ఎండలో కారు తళతళలాడుతోంది, ఆ ఒక్క తలుపు అడుగు తప్ప. చూసినకొద్దీ అదొక్కటే కనిపించింది. బాబాయ్ మర్చిపోయి వదిలేసిన బనీను గుడ్డ గేటు మీద ఆరుతోంది. దానికి వ్యాక్స్ ఇంకా ఉంది. ఆ మురికి తుడిచేయడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. పని ఎంత సులువో చూసి ఆశ్చర్యపోయాను కూడా.

వచ్చినాయన టైలరు. వాళ్ళమ్మకి మూత్రపిండాలు పాడై, వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించడానికి గుంటూరు తీసుకెళ్ళాలి. బస్సులో ఆవిడ కూర్చోలేకపోతోంది, అందుకే కారు. చుట్టూ రెండుసార్లు తిరిగాడు, వంగి చూశాడు. "బాబాయే కడిగాడా అండి?" అని అడిగాడు. అవునన్నాను. "ఎక్కడా చెయ్యి వదల్లేదే!" అని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. వాళ్ళమ్మ జబ్బు సంగతి విన్నాక కూడా నేను నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. మా ఆయనకి కూడా చెప్పలేదు.

మూడు వారాలకి ఫోన్ వచ్చింది. పొన్నూరు దాటాక నడిరోడ్డు మీద కారు ఆగిపోయింది. ఏప్రిల్ ఎండ. వాళ్ళమ్మని చేలగట్టు మీద పడుకోబెట్టి రెండు గంటలు ఆటో కోసం చూశారు. ఆవేళ ఆసుపత్రిలో ఆమె వంతు దాటిపోయింది. మెకానిక్ కార్పెట్ ఎత్తి చూస్తే కింద ఒండ్రు, పచ్చగా చిలుమెక్కిన తీగలు. "ఇది నీళ్ళలో మునిగిన బండండి. మీకు తెలీదా?" అని టైలరు నన్ను అడుగుతున్నాడు.

నేనన్న మాట ఇది: "నాకేం తెలుసండి, ఆడదాన్ని. కడిగినాయన్ని అడగండి."

తడుముకోలేదు, తడబడలేదు. తరగతిలో పాఠం చెప్పినంత స్పష్టంగా చెప్పాను.

ఆయన తిన్నగా తెనాలి షెడ్ల దగ్గరికి వెళ్ళి, అందరి ముందూ బాబాయ్‌ని నోటికొచ్చినట్టు తిట్టాడట. పక్క షెడ్డు మెకానిక్ తర్వాత నాకు చెప్పాడు. "నీ చెయ్యి చూసి కొన్నాను. మా అమ్మ ప్రాణంతో ఆడుకుంటావా?" అని గుడ్డ లాగి నేలకేసి కొట్టాడట. బాబాయ్ గుడ్డ తీసుకుని దులుపుకుని, "వదలడం మర్చిపోయాను నాయనా. తప్పు నాదే" అన్నాడట.

నాలుగు రోజులు తట్టుకుని ఐదో రోజు వెళ్ళాను. ఆయన ఒక ఆటో కడుగుతున్నాడు. స్టూలు తుడిచి వేశాడు.

"ఆయన మీ దగ్గరికొచ్చి గొడవ చేస్తాడని అనుకోలేదు బాబాయ్" అన్నాను.

"మీరే పంపారని చెప్పాడమ్మా" అన్నాడు. మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"మరి నిజం ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఆ కోపం మీద తిన్నగా మీ బడికి వచ్చేవాడు. రేపు మళ్ళీ పిల్లల ముందు నిలబడాలి కదమ్మా మీరు. నాకేముంది, బండ్ల ముందు నిలబడతాను."

ఏడ్చేశాను. ఈ ఆదివారం బాపట్ల వెళ్ళి నేనే చెప్పేస్తానన్నాను. "చెప్పండమ్మా. మంచివాడే. వింటాడు" అన్నాడు. మళ్ళీ ఆటో దగ్గరికి వెళ్ళి గుడ్డ ముంచాడు.

ఆ ఆదివారం పరీక్ష పేపర్లు దిద్దాల్సి వచ్చింది. పై ఆదివారం పెళ్ళి. ఆ పై ఆదివారం వాన. ఆ తర్వాత ఏ కారణమూ లేదు, వెళ్ళలేదు. బడికి వేరే దారిన వెళ్ళడం మొదలుపెట్టాను. టైలరు బాపట్లలో చెప్పాడు, బ్రోకర్లు రేపల్లెలో చెప్పారు. బాబాయ్‌కి చూపు ఆనడం లేదని, ఆయన చెయ్యి ఇక నమ్మడానికి లేదని మాట పాకిపోయింది. అమ్మకం కార్లు ఆయన షెడ్డుకి రావడం ఆగిపోయింది. ఒకసారి బస్టాండు దగ్గర ఆటో సీట్లు తుడుస్తూ కనిపించాడు. తప్పుకునే లోపలే నన్ను చూసేశాడు. "సార్ కళ్ళు ఎలా ఉన్నాయమ్మా?" అని అడిగాడు. బాపట్ల వెళ్ళారా అని అడగలేదు. అడుగుతాడేమోనని నేను భయపడుతుంటే, మా ఆయన కంటిచుక్కల మందు గురించి జాగ్రత్తలు చెప్పి పంపించాడు. ఆయన్ని ఆఖరిసారి చూడడం అదే.

ఇలా ఏడాది పైన గడిచింది. షాంపూ ప్యాకెట్లు కొన్న మర్నాడు ఆదివారం. బాపట్ల బస్సెక్కాను.

టైలరు మిషన్ తొక్కుతూనే నేను చెప్పింది విన్నాడు. ఏ మాట దగ్గర కాలు ఆపాడో గమనించలేదు. చెప్పడం పూర్తయ్యేసరికి మిషన్ చప్పుడు లేదు.

"ఆయన మా ఇంటికి వచ్చాడండి" అన్నాడు. "నేను తిట్టొచ్చిన తర్వాత వారం. నాలుగు వారాలు వరసగా బస్సులో వచ్చాడు. సీట్లు ఊడదీసి ఎండబెట్టాడు, ఒండ్రంతా తవ్వి తీశాడు. తీగల చిలుము టూత్‌బ్రష్షుతో రుద్దాడు. ఇప్పటిదాకా మళ్ళీ ఆగలేదు ఆ బండి. నేను ఆయనతో మాట్లాడలేదండి. మంచినీళ్ళు కూడా మా అమ్మే ఇచ్చింది."

"నన్నేం చేయమంటే అది చేస్తాను" అన్నాను.

"ఆయన్ని నేను పదిమందిలో తిట్టాను. మీరు నాకొక్కడికి చెప్పేసి బస్సెక్కేస్తే సరిపోతుందా మేడం గారూ?" అంటూ లేచి షట్టరు దించాడు. "పదండి. నేనూ వస్తాను."

ఒకప్పుడు మాదైన కారులో, వెనక సీట్లో కూర్చుని తెనాలి వచ్చాను.

ఆదివారమైనా షెడ్లు తెరిచే ఉన్నాయి. టైలరు మెకానిక్‌లని, టీ తాగుతున్న బ్రోకర్లని పిలిచాడు. ఏడెనిమిది మంది పోగయ్యారు. "ఆవేళ నేనిక్కడ నిలబడి ఆయన్ని తిట్టాను, మీరంతా విన్నారు. ఈవిడ చెప్పేది కూడా వినండి" అన్నాడు. చెప్పాను. బాబాయ్ చెయ్యి వదిలాడని, నేను తుడిచానని, ఫోన్‌లో ఆయన మీదికి తోసేశానని. రోజూ నలభై మంది పిల్లల ముందు మాట్లాడే దాన్ని, రెండుసార్లు మొదటికొచ్చి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. పక్క షెడ్డు మెకానిక్ నా వైపు చూడకుండా పక్కకి ఉమ్మేసి వెళ్ళిపోయాడు. ఆ షెడ్లలో మా బడి పిల్లల తండ్రులు ఇద్దరున్నారు. వాళ్ళూ విన్నారు.

వెనక ఇంటి గుమ్మానికి తెర వేలాడుతోంది. బాబాయ్ వాళ్ళు ముస్లింలు, భర్త పోయాక వాళ్ళలో నాలుగు నెలల పది రోజులు ఆడమనిషి బయటికి రాదు. తెర వెనక బాబాయ్ భార్య నిలబడి విన్నదని నాకు తెలియదు. లోపలినుంచి "టీచరమ్మా, ఒక్కసారి ఇలా రామ్మా" అని పిలిచింది.

లోపల చాప మీద కూర్చోబెట్టింది. నా రెండు చేతులూ పట్టుకుంది. తిడుతుందని, కొడుతుందని, కనీసం ఏడుస్తుందని అనుకున్నాను.

"వదిలాడా అమ్మా? నిజంగానే వదిలాడా?" అంది.

"వదిలారు. డ్రైవరు తలుపు కింద. నేనే తుడిచేశాను."

"నాతో కూడా మర్చిపోయాననే చెప్పాడమ్మా. నేనూ నమ్మాను. నీకు చూపు పోయింది, మతి పోయింది, ఇంక బండ్లు ముట్టుకోకు అని పోరు పెట్టాను. పొద్దున లేస్తే అదే మాట. మంచంలో పడ్డాక కూడా అన్నాను. మందు మింగడం మర్చిపోతే, కారు మర్చిపోయినవాడివి ఇదెలా గుర్తుంటుందిలే అన్నాను. ఒక్కసారి కూడా కాదనలేదమ్మా."

నేను క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆమెకి నా క్షమాపణలతో పని లేదు.

"ఇంకోసారి చెప్పమ్మా, వదిలాడని" అంది.

చెప్పాను. కళ్ళు మూసుకుని వింది. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను.